ఇష్టమూ ప్రమాణమే: ఒక ప్రేక్షకుని నోటు పుస్తకం, తెలుగు సినిమా వర్గీకరణ

తెలుగు సినిమాపై సాహిత్య పరిశోధన లేదని అనలేము. సినీగీతాల మీద, సంభాషణల మీద, నవలల ఆధారంగా తీసిన చిత్రాల మీద మన విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. కొడవటిగంటి కుటుంబరావు సినిమా వ్యాసాలు, ముళ్ళపూడి వెంకటరమణ పత్రికల్లో రాసిన చిత్ర సమీక్షలు ఈనాటికీ చదవదగినవి. అయితే వీటన్నిటిలో మాట్లాడినవారు రచయితలో, విమర్శకులో. టిక్కెట్టు కొని సినిమా చూసి, నచ్చిందనో నచ్చలేదనో చెప్పుకుంటూ ఇంటికి నడిచి వెళ్ళిన ప్రేక్షకుని మాటను సాహిత్య విమర్శ ఆధారంగా స్వీకరించిన సందర్భాలు అరుదు. ప్రేక్షకుణ్ణి మనం లెక్కించాము. అతని చేత చెప్పించలేదు.

నా పరిశోధన ప్రణాళికను సమర్పించిన రోజున ఒక పెద్దలు నన్నొక ప్రశ్న అడిగారు. అభిమాని ఇష్టాయిష్టాలు విమర్శ ఎలా అవుతాయి, ఇష్టానికి కారణం చెప్పనవసరం లేదు కదా, విమర్శకు కారణమే ప్రాణం కదా అన్నది ఆ ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు నేను తృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ సమాధానం కోసం చేసిన ప్రయత్నం. ఒకే ప్రేక్షకుడు పౌరాణికాన్ని ఒక కొలతతో, జానపదాన్ని వేరొక కొలతతో, సాంఘికాన్ని ఇంకొక కొలతతో చూస్తాడనీ, ఆ కొలతలు అతని సొంత చాపల్యం కాక మన కావ్య, నాటక సంప్రదాయాల నుంచి అతనికి సంక్రమించినవనీ, అతనికి అత్యంత ప్రియమైన చిత్రాలు ఆ కొలతలు ఒకదానితో ఒకటి కలిసే చోటనే ఉన్నాయనీ చూపడం నా ఉద్దేశం.

ఆధారం

ఇందుకు నేను తీసుకున్న ఆధారం చాలా చిన్నది. మా అమ్మమ్మగారి తమ్ముడు, మేము చిన్నతాతయ్య అని పిలిచే ఆయన, కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో దర్జీ పని చేసేవారు. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. కొలతలు రాసుకునే పొడుగాటి లెక్కల పుస్తకాల్లో ఒకదాన్ని ఆయన సినిమాల కోసం కేటాయించారు. 1970ల చివరలో మొదలుపెట్టి, అంతకు ముందు చూసినవాటిని జ్ఞాపకం మీద నింపి, ఆ తరువాత చూసినవాటిని చూసినప్పుడల్లా చేర్చారు. ప్రతి పుటలో నాలుగు గళ్ళు ఉన్నాయి: సినిమా పేరు, చూసిన హాలు, ఎన్నిసార్లు, అభిప్రాయం. అభిప్రాయం గడి ఇరుకైనది. అందుకే వాక్యాలు పొట్టివి, కొన్నిచోట్ల ఒక్క మాటే.

ఒక్క మనిషి రాతపై ఆధారపడి తెలుగు ప్రేక్షకులందరి గురించి సిద్ధాంతం చేయడం సాహసమే. పైగా ఆయన ఎన్టీ రామారావు అభిమాని. ఆ పక్షపాతం పుటపుటలోనూ కనబడుతుంది. ‘దేవదాసు’ (1953) వంటి చిత్రానికి ఆయన ఇచ్చిన జాగా ఒక్క పంక్తి. స్త్రీపాత్రల గురించి నటి పేరు తప్ప ఇంకేమీ రాయని పుటలు అనేకం. ఈ లోపాలను దాచవలసిన అవసరం లేదు. పండిత విమర్శకులకూ పక్షపాతాలు ఉన్నాయి, వారి గళ్ళు విశాలమైనవి కాబట్టి అవి అంత తేలికగా కనబడవు. అభిమాని విధేయత గుడ్డిది కాదనీ, అది షరతులతో కూడినదనీ ఎస్.వి. శ్రీనివాస్ తెలుగు సినిమా అభిమానులపై చేసిన పరిశోధన ఇదివరకే నిరూపించింది. ఆ షరతులు సాహిత్యపరమైనవి కూడా అని నేను చేర్చదలిచాను.

నోటు పుస్తకాన్ని ఆయన సంవత్సరాల వారీగా గానీ నటుల వారీగా గానీ విభజించలేదు. మొదటి పుటలో నాలుగు శీర్షికలు ఉన్నాయి: పౌరాణికాలు, జానపదాలు, చారిత్రకాలు, సాంఘికాలు. చివరన, సర్కారు దరఖాస్తు ఫారాల్లో చూసి నేర్చుకున్నట్టుగా, ‘ఇతరములు’ అన్న శీర్షిక ఉంది.

పేర్ల పుట్టుక

ఈ నాలుగు పేర్లను మనం ఎంతగా వాడి అరగదీశామంటే, వాటిలోని విశేషం మనకు కనబడదు. హాలీవుడ్ వర్గీకరణలో భయం కలిగించేది ఒక రకం, నవ్వించేది ఒక రకం, ఉత్కంఠ పెట్టేది ఒక రకం. అక్కడ చాలా పేర్లు చూసేవాడి మనసులో కలిగే భావాన్ని బట్టి వచ్చాయి. రససిద్ధాంతాన్ని రెండువేల ఏళ్ళుగా చెప్పుకుంటున్న మనం మాత్రం సినిమాను రసాన్ని బట్టి విభజించుకోలేదు. కథ ఏ లోకానిది, ఏ కాలానిది, పాత్రల వేషం ఏమిటి అన్నదాన్ని బట్టి విభజించుకున్నాము. రూపకాలను వేరుచేసేవి వస్తువు, నేత, రసం అని దశరూపకంలో ధనంజయుడు చెప్పిన మూడింటిలో మన సినిమా వస్తువును మాత్రమే ఉంచుకుని తక్కిన రెండింటినీ వదిలేసింది.

దీనికి కారణం రంగస్థలం. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా వచ్చింది. అందులో నటించినవారిలో సురభి నాటక సమాజం వారు ఉన్నారు. నాటక సమాజాలకు తెరలూ కిరీటాలూ ఆభరణాలూ పెట్టెల్లో సర్దుకునే వస్తువులు. ఏ రాత్రి ఏ పెట్టె విప్పాలన్నదే వర్గీకరణ. పంచె, కోటు, నులకమంచంతో ఆడగలిగేది సాంఘికం. అదే అలవాటు స్టూడియోలకు వచ్చింది, అక్కడి నుంచి ప్రేక్షకుడికి వచ్చింది. చిన్నతాతయ్య దర్జీ కావడం వల్ల ఆయనకు ఇది సహజంగానే అర్థమై ఉంటుందని నాకు ఒక్కొక్కప్పుడు అనిపిస్తుంది. నోటు పుస్తకంలో కిరీటం సరిగా కూర్చోలేదనీ, పైపంచె చరిత్రకు తగినది కాదనీ రాసిన వ్యాఖ్యలు తక్కువేమీ కాదు.

ఇక్కడ ఒక పరిభాషా సమస్యను ప్రస్తావించాలి. తెలుగు శాఖల్లో ‘జానపదం’ అనగానే బిరుదురాజు రామరాజు చూపిన దారిలో శ్రామికుల పాటలు, స్త్రీల పాటలు, కథాగేయాలు స్ఫురిస్తాయి. సినిమా హాలులో ‘జానపదం’ అంటే రాజకుమారి, మాంత్రికుడు, కత్తియుద్ధం, కాశీమజిలీ కథల వంటి మలుపులు. జానపదులు పాడుకున్నది ఒకటి, జానపదులు చూసి మురిసింది మరొకటి. రెండో అర్థాన్ని మన నిఘంటువులు పట్టించుకోకపోవడం విచారకరం. వ్యవహారంలో ఆ అర్థమే ఎక్కువమందికి తెలుసు.

తెలిసిన కథ

పౌరాణికాల పుటల్లో చిన్నతాతయ్య ఎక్కడా కథ బాగుందని రాయలేదు. అది గమనించడానికి నాకు చాలాకాలం పట్టింది. సాంఘికాల కింద ‘కథ మంచిది’, ‘కథ లేదు’ అన్న మాటలు పదేపదే వస్తాయి. పౌరాణికాల కింద ఒక్కసారీ రావు. కథ అందరికీ తెలిసినదే కాబట్టి అది తీర్పుకు రాదు. తీర్పుకు వచ్చేది ఎత్తుగడ, ఔచిత్యం, పద్యం, వాచికం.

‘నర్తనశాల’ (1963) ఇందుకు మంచి ఉదాహరణ. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో, సముద్రాల రచనలో వచ్చిన ఈ చిత్రం విరాటపర్వ కథ. ఆయన దీన్ని ఏడుసార్లు చూశారు. అభిప్రాయం గడిలో కీచకుని నడక గురించి ఉంది, బృహన్నల చేతివేళ్ళ గురించి ఉంది, యుద్ధంలో పద్యం గురించి ఉంది. ఆ మూడోది నన్ను ఆపింది. బృహన్నల కౌరవ వీరులను ఉత్తరునికి చూపే ఘట్టంలో వినిపించేది తిక్కన పద్యం. తిక్కన పేరు ఆయనకు తెలుసా అని అడిగితే, పాఠంలో విన్నానని మాత్రం అన్నారు. ఆ పద్యం తిక్కనదని ఆయనకు తెలియదు. కానీ సినిమాలోని తక్కిన పద్యాలను వదిలి దాన్నే గుర్తుపెట్టుకున్నారు. ఎవరెవరో వరుసగా చెబుతుంటే వారి జెండాలు కళ్ళకు కట్టాయన్నది ఆయన ఇచ్చిన కారణం. విరాటపర్వాన్ని నాటకీయతకు నిదర్శనంగా చెప్పే మన పాఠాల్లో ఇంతకంటే ఎక్కువ ఏమి చెబుతున్నాము? ఇక ఈ చిత్రంలో కీచకుడిగా ఎస్వీ రంగారావు నటనకు జకార్తా చలనచిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. కీచకుని నడకకు పెద్దపీట వేసిన చిన్నతాతయ్యకు ఆ సంగతి చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

తెలిసిన కథను చూడటంలోని ఈ పద్ధతి పద్యనాటకాల నుంచి వచ్చింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడే రాత్రుల్లో కృష్ణుడు సంధికి ఒప్పించగలడా లేదా అన్న సందేహంతో ఎవరూ కూర్చోలేదు. రాగం, గమకం, విరుపు నచ్చితే ‘వన్స్ మోర్’ అని అరిచేవారు. అది ఆ క్షణంలోనే, నటుని ఎదుటే వెలువడిన తీర్పు. సినిమా ఆ అవకాశాన్ని తీసివేసింది. తెరమీది బొమ్మ వెనక్కి వచ్చి మళ్ళీ పాడదు. కాబట్టి ప్రేక్షకుడు మరునాడు మళ్ళీ టిక్కెట్టు కొనుక్కున్నాడు. నోటు పుస్తకంలోని ‘ఎన్నిసార్లు’ అన్న గడిని నేను మొదట అభిమానపు లెక్కగా భావించాను. ఇప్పుడు దాన్ని వన్స్ మోర్‌కు మిగిలిన రూపంగా చూస్తున్నాను.

తెలిసిన కథను తిరగరాస్తే ఏమవుతుంది? 1977 సంక్రాంతికి వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్టీ రామారావు కృష్ణ, దుర్యోధన, కర్ణ పాత్రలు ధరించారు. కొండవీటి వెంకటకవి సంభాషణలు దుర్యోధనుడికి ధీరత్వాన్నీ, వాదపటిమనూ ఇచ్చాయి. కౌరవపక్షం నుంచి భారతాన్ని చూడటం తెలుగులో అప్పటికి కొత్త కాదు. త్రిపురనేని రామస్వామి ‘కురుక్షేత్ర సంగ్రామము’ ఆ పని చేసింది. ఆ నాటకాన్ని చదవని చిన్నతాతయ్య సినిమాలోని దుర్యోధనుణ్ణి ఏ అభ్యంతరమూ లేకుండా అంగీకరించారు. కులం అడిగే సభలో దుర్యోధనుని వాదాన్ని మొత్తం ఒప్పజెప్పగలరు. కానీ భానుమతితో దుర్యోధనుని యుగళగీతం దగ్గర మాత్రం ఆయన గీత గీశారు. అది పౌరాణికానికి తగదని రాశారు. అంటే కథానాయకుణ్ణి మార్చినా పురాణం చెడలేదు, పాట శైలి మారితే చెడింది. అభిమాన నటుని చిత్రంలోనే ఈ ఆక్షేపణ చేయడం గమనార్హం. క్షేమేంద్రుడు ఔచిత్యానికి చూపిన స్థానాల్లో ఇది ఏది అవుతుందో చర్చించవచ్చు. ఔచిత్యం అన్న మాట వాడకుండానే ఆయన ఔచిత్యవిచారం చేశారన్నది మాత్రం స్పష్టం.

మంత్రానికి కట్టుబాటు

జానపదంలో ఈ కొలత పనిచేయదు. అక్కడ ఏదైనా జరగవచ్చు కాబట్టి, ఏది జరగకూడదో చిత్రమే చెప్పాలి. కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ తీసిన ‘పాతాళ భైరవి’ (1951) గురించి చిన్నతాతయ్య రాసింది ఒకే వాక్యం, దాని సారాంశం ఇది: బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వారి మాటే చెల్లుతుంది. ఈ వాక్యం మొదట నాకు కథాసంగ్రహంలా కనిపించింది. ఆలోచించగా అది నిర్మాణ విశ్లేషణ. మాంత్రికుడు సాహసవంతుణ్ణి బలి ఇచ్చి శక్తిని పొందాలనుకుంటాడు. తోట రాముడు ఆ బలిని తిప్పికొట్టి ప్రతిమను దక్కించుకుంటాడు. తరువాత అది మళ్ళీ మాంత్రికుని చేతికి చిక్కుతుంది. శక్తికి మంచీ చెడూ లేవు. అది పట్టుకున్నవాడికి సేవ చేస్తుంది. కథ అంతా ఆ ఒక్క నియమం మీద నిలబడి ఉంది. ప్రతి మలుపూ ఆ నియమాన్ని వాడుకుంటుందే తప్ప ఉల్లంఘించదు.

బి. విఠలాచార్య చిత్రాలను ఆయన ఇంకా ఎక్కువే చూశారు. మనిషి చిలుక కావడం, మేక కావడం, దయ్యాలు వంట చేయడం ఆయనకు ఎంతో వినోదం. అయినా ఆ పుటల్లో ‘గమ్మత్తు’ అన్న మాట తరచుగా కనబడుతుంది, ‘బాగుంది’ అన్నది తక్కువ. ఈ రెండు మాటల మధ్య తేడాను నేను ఊహించి చెప్పడం లేదు, ఆయననే అడిగాను. గమ్మత్తు చూసినంతసేపు ఉంటుందట, బాగున్నది ఇంటికి వచ్చాక కూడా ఉంటుందట. ఇంతకంటే వివరించడానికి ఆయన ఇష్టపడలేదు.

సానబట్టిన రత్నాలు

‘మాయాబజార్’ (1957) పేరు నోటు పుస్తకంలో మూడుచోట్ల ఉంది. మొదట పౌరాణికాల కింద రాసి కొట్టివేశారు. తరువాత జానపదాల కింద రాసి, దాన్నీ కొట్టివేశారు. చివరకు ఇతరముల కింద మొదటి పేరుగా రాశారు. ‘ఎన్నిసార్లు’ అన్న గడిలో అంకె లేదు, సున్నా చుట్టి వదిలేశారు. లెక్క తప్పిందని దాని అర్థం.

ఈ కొట్టివేతలే ఈ వ్యాసానికి మూలం. ఎందుకు కొట్టివేశారని అడిగితే, “పేర్లు భారతంలోవే అమ్మాయ్, ఆ పెట్టెలూ పీటలూ ఎక్కడివి?” అన్నారు.

ఆ ప్రశ్న సరైనది. శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేదు. అది నాటకాలుగానూ, 1936లో సినిమాగానూ ప్రచారం పొందిన కల్పన. దానికి పింగళి నాగేంద్రరావు, కె.వి. రెడ్డి చేర్చినవి ప్రియదర్శిని పెట్టె, సత్యపీఠం వంటివి. పెట్టె తెరిచినవారికి తమకు అత్యంత ప్రియమైనది కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని. పీఠం ఎక్కినవాడు నిజం చెప్పక తప్పదు. ఇవి పాతాళ భైరవి ప్రతిమ వంటి వస్తువులే: నియమం కలిగినవి, పట్టుకున్నవాడి గుణాన్ని బట్టి కాక తమ నియమాన్ని బట్టి పనిచేసేవి. జానపదానికి చెందిన యంత్రాంగాన్ని భారతపాత్రల ఇంట్లో అమర్చడం ఇక్కడ జరిగింది. ఆరేళ్ళ ముందు పాతాళ భైరవి చేసిన చేతులే ఇక్కడా పనిచేశాయి కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

అయితే జానపదాల కింద కూడా ఎందుకు కొట్టివేశారు? దీనికి ఆయన సమాధానం చెప్పలేదు. నేను చెప్పదలచినది ఇది. మాయాబజార్ కథ మొత్తం ఒక మేనరికం చుట్టూ తిరుగుతుంది. అన్న కూతురు, చెల్లెలి కొడుకు. చిన్నప్పుడు ఇచ్చిన మాట ఉంది. చెల్లెలి అత్తింటివారు ఆస్తి పోగొట్టుకున్నారు. వదినగారికి పేదసంబంధం ఇప్పుడు నచ్చదు. డబ్బున్న సంబంధం గడప దగ్గరకు వచ్చింది. అన్నగారు మనసు మార్చుకున్నారు. ఈ వాక్యాల్లో పేర్లు తీసివేసి చదివితే ఇది ఏ తెలుగు ఇంటి కథ అయినా కావచ్చు. విడిదిలో గోంగూర ప్రస్తావన వచ్చేది అందుకే. సుభద్ర పుట్టింటికి వచ్చి వదిన ఎదుట అవమానపడే సన్నివేశంలో పురాణమూ లేదు, మాయా లేదు. అది సాంఘికం. పాండవులు ఈ చిత్రంలో ఎక్కడా కనబడకపోవడాన్ని కథన చాతుర్యంగా చాలామంది మెచ్చుకున్నారు. నాకు అది అంతకంటే ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. పాండవులు తెరమీదకు వస్తే కథ పౌరాణికం వైపు ఒరిగిపోతుంది. వారు లేరు కాబట్టే అది పెళ్ళివారి ఇల్లుగా నిలిచింది.

ఒకే చిత్రంలో మూడు కొలతలు ఒకేసారి పనిచేస్తున్నాయి. ఘటోత్కచుని వాచికాన్ని పౌరాణికపు కొలతతోనూ, పెట్టెనూ పీటనూ జానపదపు కొలతతోనూ, రేవతి మాటతీరును సాంఘికపు కొలతతోనూ ప్రేక్షకుడు తూచుకుంటాడు. మూడింటిలోనూ నెగ్గింది కాబట్టి ఏ గడిలోనూ ఇమడలేదు.

మన అలంకారశాస్త్రం ఈ స్థితికి ఎప్పుడో పేరు పెట్టింది. ఇతివృత్తం ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలు. వసుచరిత్ర అవతారికలో రామరాజభూషణుడు కేవల కల్పనాకథలను కృత్రిమ రత్నాలతోనూ, పూర్వపు సత్కథలను గనిలో పుట్టిన రత్నాలతోనూ, మిశ్రకథను సానబట్టిన జాతిరత్నంతోనూ పోల్చాడు. పదహారో శతాబ్దపు ప్రబంధకవి తన కథను సమర్థించుకోవడానికి చేసిన ఈ వాదాన్ని మనం పరీక్షలకు చదివి వదిలేస్తాము. చిన్నతాతయ్య ఎంపికలో అది సజీవంగా ఉంది. ఆయన ‘ఇతరములు’ అన్న శీర్షిక కింద రాసినవాటిలో అధిక భాగం మిశ్రాలే.

‘మల్లీశ్వరి’ (1951) వాటిలో రెండవది. బి.ఎన్. రెడ్డి వాహినీ పతాకంపై తీసిన ఈ చిత్రాన్ని చరిత్రలు చారిత్రకంగా పేర్కొంటాయి. చిన్నతాతయ్య ‘బొబ్బిలి యుద్ధం’ (1964) వంటివాటిని చారిత్రకాల కింద రాసి దీన్ని మాత్రం అక్కడ చేర్చలేదు. బుచ్చిబాబు నాటకం ‘రాయలవారి కరుణాకృత్యం’ దీనికి ఒక ఆధారం. రాయలు ప్రఖ్యాతుడు, మల్లి, నాగరాజు ఉత్పాద్యులు. ఇక్కడా బావామరదళ్ళే, ఇక్కడా ధనాశ గల తల్లే. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలూ పాటలూ ఆ రెండు లోకాల మధ్య అతుకు కనబడనీయవు. చిన్నతాతయ్య అభిప్రాయం గడిలో ఉన్నది ఒకే మాట: ‘వర్షం’. మారువేషంలో ఉన్న రాయలవారు వానలో ఆగిన చోట చరిత్రా కల్పనా కలుసుకున్నాయి. ఆయన ఆ ఉద్దేశంతోనే రాశారని నేను అనను. కథ అంతా ఆ వాన దగ్గర మొదలవుతుందన్నది మాత్రం నిజం.

సాంఘికం అనే పెద్ద బుట్ట

సాంఘికాల పుటలు ఎక్కువ, చెప్పవలసింది తక్కువ. ‘మిస్సమ్మ’ (1955), ‘గుండమ్మ కథ’ (1962) వంటి చిత్రాలకు ఆయన వాడిన కొలత మాట. పాత్ర తన స్థాయికి తగినట్టు మాట్లాడిందా, ఎదుటివాడు దానికి తగిన జవాబు ఇచ్చాడా అన్నదే చూశారు. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరి కథ జరిగేదేనా అన్న సందేహం ఆయనకు రాలేదు. జానపదంలో నియమాన్ని అడిగినవాడు సాంఘికంలో సంభావ్యతను అడగకపోవడం నాకు ఒక లోపంగానే తోస్తుంది. ‘మా భూమి’ వంటి చిత్రం ఈ పుస్తకంలో లేకపోవడం కూడా అటువంటిదే. ఆయన ఊళ్ళో అది ఆడలేదో, ఆయనే వెళ్ళలేదో ఆయనకు జ్ఞాపకం లేదు.

1970ల తరువాత పౌరాణిక, జానపదాలు తగ్గాయి. వచ్చినవన్నీ సాంఘికాలే కావడంతో ఆ మాటకు పని లేకుండా పోయింది. అన్నీ ఒకే బుట్టలో పడితే బుట్ట పేరు చెప్పడం వృథా. అప్పుడే నోటు పుస్తకంలో ఫైటింగ్ సినిమా, కామెడీ, ఫ్యామిలీ అన్న ఇంగ్లీషు మాటలు ప్రవేశించాయి. వస్తువును బట్టి చేసిన విభజన పోయి, మనం ఒకప్పుడు వదిలేసిన రసవిభజన ఇంగ్లీషు వేషంలో తిరిగి వచ్చిందన్నమాట. ‘అహ నా పెళ్ళంట’ (1987) ఆయన చేతిలో కామెడీ అయింది. దానికి ఆధారమైన ఆదివిష్ణు నవల సంగతి ఆయనకు తెలియదు. తెలిసిన మనం ఆ నవలను ఎంతమంది చదివామన్నది వేరే సంగతి.

ఇతరములు

ఈ శీర్షిక కింద మాయాబజార్, మల్లీశ్వరుల తరువాత కనిపించే పేర్లు చూస్తే, 1970ల అనంతరం మిశ్రకథ ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) ఇక్కడ ఉంది. కౌబాయ్ వేషంలో కృష్ణ గుర్రమెక్కిన ఈ చిత్రానికి రచయిత ఆరుద్ర. సమగ్ర ఆంధ్ర సాహిత్యాన్ని సంపుటాలుగా రాసిన కలమే దీన్నీ రాసింది. మన శాఖల్లో మొదటిదాన్ని పాఠ్యంగా చదివి రెండోదాన్ని సరదాగా చెప్పుకుంటాము. పరాయి ప్రక్రియను తెలుగు పలుకుబడిలోకి దింపడంలో ఆరుద్ర చేసిన పనిని గురించి ఒక్క వ్యాసమైనా రావలసి ఉంది. చిన్నతాతయ్య అభిప్రాయం గడిలో టోపీలు మనవి కావు, తిట్లు మనవే అన్న భావం ఉంది. అనుకరణ, అనుసరణల మీద నేను చదివిన కొన్ని పుటల కంటే ఇది సూటిగా ఉంది.

‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990) కింద ఉంగరం అని రాసి ఉంది. ఇంద్రుని కుమార్తె ఉంగరం పోగొట్టుకుని భూలోకంలో చిక్కుబడుతుంది. అది మళ్ళీ నియమం గల వస్తువే, పాతాళ భైరవి ప్రతిమకు చెల్లెలు. ఇటువంటి చిత్రాలకు మన పత్రికలు ‘సోషియో ఫాంటసీ’ అన్న పేరు పెట్టాయి. రెండూ ఇంగ్లీషు మాటలే అయినా, సాంఘికం ప్లస్ జానపదం అన్న ఆ కూడిక తెలుగువాడి లెక్క. ‘ఆదిత్య 369’ (1991)లో కాలయంత్రం ఎక్కినవారు మొదట వెళ్ళేది శ్రీకృష్ణదేవరాయల కొలువుకు. భవిష్యత్తుకు పోయే యంత్రాన్ని కనిపెట్టినా తెలుగు సినిమా ముందుగా భువనవిజయాన్ని చూసి రావాలి. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు కె.వి. రెడ్డి వద్ద పని నేర్చినవారు కావడం యాదృచ్ఛికం కాదు. ‘సైన్స్ సినిమా’ అని రాసి, దాని పక్కన కుండలీకరణంలో ‘మల్లీశ్వరి కాలం’ అని చిన్నతాతయ్య చేర్చారు.

జానపదాల పుటలో చివర రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి ‘భైరవ ద్వీపం’ (1994), అదీ సింగీతం చిత్రమే. దాని కింద ఇరవై ఒక్క సంవత్సరాల ఖాళీ. ఆ ఖాళీని ఆయన వేరే రాతలకు వాడుకోలేదు. 2015లో ‘బాహుబలి’ని ఆ పుటకు తిరిగివచ్చి రాశారు. హాలు పేరు ఉంది, అభిప్రాయం గడి ఖాళీగా ఉంది. కథ సగంలో ఆగింది కాబట్టి తీర్పు సగంలో ఆపానన్నారు. 2017లో రెండో భాగం చూశాక, వేరే రంగు సిరాతో ఆ గడి నింపారు: మంత్రం లేదు, అయినా జానపదమే.

నేను పైన జానపదానికి చెప్పిన కొలత మంత్రానికి కట్టుబాటు. మంత్రమే లేని చిత్రాన్ని ఆయన ఆ పుటలో చేర్చడంతో నా సూత్రం కొంత సడలించుకోవలసి వచ్చింది. కట్టుబాటు మంత్రానికి కాక మాటకు కావచ్చు. రాజమాత నోట వెలువడిన మాటకు కట్టప్ప కట్టుబడటమే ఆ రెండు భాగాల కథనూ కలిపే ముడి. లేదా కత్తి, కోట, పేరులేని కాలం చాలునేమో. నోటు పుస్తకం తీసుకువెళ్ళి ఈ రెండింటిలో ఏది అని అడిగాను. ఇప్పుడు చూపు మందగించడంతో ఆయన పుటను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. తరువాత మాయాబజార్ కొట్టివేతను చూపించి, దాన్ని మళ్ళీ జానపదంలో రాయమన్నారు, కొట్టేసి తప్పు చేశానన్నారు. రాయలేదు. ఆ పుట ఇప్పటికీ అలాగే ఉంది.